జడ్జిగారి ఇంటికి రంగు వెయ్యలేదు

మా ఆయన పెయింటరు. గేట్లు, కిటికీలు, దుకాణాల షట్టర్లు, ఏది పడితే అది. రంగు లేని వస్తువు కంటబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. పెళ్ళయిన కొత్తలో నా కుట్టుమిషను స్టాండు నల్లగా, దాని మానాన అది ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఆకాశం రంగులో నిగనిగలాడుతోంది. దాని మీద వేలాడుతున్న తెల్ల చొక్కా అంచు కూడా ఆకాశం రంగులోనే ఉంది. ఆ చొక్కా ఇచ్చిన పెద్దమనిషికి నేనేం చెప్పుకున్నానో ఇప్పుడు అనవసరం.

ఆయనకు ఇంకో అలవాటుంది. ఏ పని పూర్తయినా, సామాను సర్దుకునే ముందు చిటికెన వేలు ఎర్రరంగులో ముంచి, ఎవరి కంటా పడని మూల ఒక చుక్క పెడతాడు. గేటు పచ్చదైనా, నల్లదైనా చుక్క మాత్రం ఎరుపే. దానికోసమే సంచిలో అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి వేరుగా ఉంటుంది. "అది నా సంతకం" అంటాడు. ఆయనతో కలిసి వీధిలోకి వెళ్తే ఒకంతట ఇల్లు చేరం. ప్రతి గేటు దగ్గరా కింది బందు పక్కన వంగి చూసి, "ఉంది, చెక్కు చెదరలేదు" అని మురిసిపోతూ లేస్తాడు. చూసేవాళ్ళు పాపం ఈయనేదో పారేసుకున్నాడనుకుంటారు.

ఇంట్లో మాతో పాటు మా అత్తగారు, జడ్జిగారు ఉంటారు. జడ్జిగారంటే చిలుక. ఆకుపచ్చది కాదు. బూడిదరంగు ఒళ్ళు, ఎర్రని తోక. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న పొరుగింటివాళ్ళు దాన్ని మా అత్తగారి చేతిలో పెట్టి వెళ్ళారు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా తల ఒక పక్కకు వంచి శ్రద్ధగా వింటుంది, ఆఖరికి ముఖం అటు తిప్పేసుకుంటుంది. అందుకే ఆ పేరు. దాని పంజరం మా అత్తగారి మంచం పక్కనే ఉండేది. పొద్దున్నే ఆవిడ కళ్ళు తెరవగానే మొదట మాట్లాడేది దానితో, తరువాత నాతో.

జడ్జిగారికి మాటలు పెద్దగా రావు. చప్పుళ్ళు వచ్చు. నా మిషను చప్పుడు, కుక్కరు కూత, మా ఆయన గుమ్మంలో చెప్పులు విదిలించే చప్పుడు. వాటితో పాటు మా అత్తగారి దగ్గు. అక్కడే మేం దెబ్బతిన్నాం. గదిలోంచి దగ్గు వినిపిస్తే "మొదలుపెట్టాడయ్యా జడ్జి" అని నవ్వుకునేవాళ్ళం. చాలాసార్లు అది చిలుకే. కొన్నిసార్లు కాదు. ఆ కొన్నిసార్లు ఎప్పుడు ఎక్కువయ్యాయో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఒక పొద్దున ఆవిడ గదిలోంచి వంటింటిదాకా నడిచి వచ్చి, ఏదో చెప్పబోయి, మాట పూర్తి చెయ్యలేక గోడ పట్టుకుని కూర్చుండిపోయారు. అప్పుడు గాని మాకు బుద్ధి రాలేదు.

పెద్దాసుపత్రి డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇంట్లో పక్షులున్నాయా అని అడిగాడు. ఈకల నుంచి రాలే పొడి ఊపిరితిత్తులకు పడటం లేదట. మందులు వాడితే తగ్గుతుంది గాని, పక్షి ఉన్న గదిలో పడుకోకూడదు, అసలు ఇంట్లోనే లేకపోతే మరీ మంచిదన్నాడు.

"అది బయటికెళ్తే నేనూ బయటికే" అన్నారు మా అత్తగారు, అక్కడికక్కడే.

ఈ సంగతి మా ఆడపడుచు చెవిన పడింది. ఆవిడది పెద్ద ఇల్లు, ఇంటి ముందు గ్రిల్లు బిగించిన పెద్ద వరండా. "నువ్వూ, జడ్జిగారూ ఇద్దరూ మా ఇంటికి వచ్చెయ్యండమ్మా, వరండా మొత్తం దానికే వదిలేస్తాను" అని ఫోను చేసింది. మంచి మనసుతోనే చేసింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

మా అత్తగారు ఒక పూటంతా ఆలోచించి మమ్మల్నిద్దర్నీ పిలిచారు.

"పెరట్లో దానికొక ఇల్లు కట్టండి. ఉంటాను. కానీ అది కనిపించిందల్లా కొరికే ప్రాణి. ఇన్నాళ్ళూ నా కళ్ళెదురుగా ఉంది కాబట్టి సరిపోయింది. రేపు బయట ఒంటరిగా ఉంటుంది. దానికి హాని చేసేది ఆ ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి కనబడిందా, పెట్టె పట్టుకుని వెళ్ళిపోతాను. ఇది బెదిరింపనుకోకండి."

బెదిరింపు కాదని మాకు తెలుసు. ఆ సాయంత్రమే బట్టలు పెట్టెలో సర్ది, మంచం కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. ఆవిడ మాటంటే మాటే.

ఆవిడ వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఈ ముక్క అప్పుడు పైకి చెప్పలేదు గాని, ఇప్పుడు చెప్పడానికేం. మేమిద్దరం రోజూ పోట్లాడుకుంటాం. ఉప్పు దగ్గర, కిటికీ తెరవడం దగ్గర, నేను దారం పోగులు నేల మీద పడేస్తానని. పోట్లాడుకున్న అరగంటకి ఆవిడ నా పక్కన పీట వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, సూదుల్లో దారం ఎక్కించి వరసగా గుచ్చి పెడతారు. ఆవిడ వెళ్ళిపోతే నేనెవరితో పోట్లాడాలి? మా ఆయనతో పోట్లాడటం గోడతో పోట్లాడినట్టే. అదీ తాజాగా రంగేసిన గోడ.

*

మా ఆయనకు మాత్రం రెక్కలొచ్చినట్టయింది. అట్టముక్క మీద బొమ్మ గీసి, రంగులు కూడా వేసేశాడు. పచ్చ స్తంభాలు, పసుపుపచ్చ వల, ఎర్ర కప్పు, తలుపు మీద నీలం గీతలు. అది పట్టుకుని పక్షుల డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆవిడ బొమ్మను చాలాసేపు చూసింది.

"చాలా బాగుందండీ" అంది. "రంగులు తీసేస్తే కట్టుకోవచ్చు."

మా ఆయన ముఖం చూడాలి అప్పుడు.

"నేను వాడేది మంచి రంగేనండీ. చంటిపిల్లల గదులక్కూడా అదే వేస్తాను."

"చంటిపిల్లలు గోడ కొరుక్కు తినరు కదండీ. వీడికి పనే అది." ఆవిడ తన వేలికున్న పాత గాటు చూపించింది. "చిలక్కి ముక్కే చెయ్యి, పన్ను, స్క్రూడ్రైవరు. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇల్లు తింటుంది. రంగు పెచ్చులుగా లేచి కడుపులోకి పోతుంది. అందుకని తినేసినా ఫరవాలేని ఇల్లు కట్టాలి."

తరువాత ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. మామూలు వల వద్దు, దాని మీద జింకు పూత ఉంటుంది, అది గడ్డలు గడ్డలుగా పేరుకున్న చోట పక్షి గీకి గీకి మింగుతుంది, విషం మెల్లగా ఎక్కుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వల కావాలి. చెదలు పట్టకుండా మందు కొట్టిన చెక్క వద్దు. పోగులు లేచే తాడు వద్దు, కాలివేళ్ళకు చుట్టుకుంటుంది. మా ఆయన వింటూ వింటూ అట్టముక్కను మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటి మలుపు దగ్గర నోరు విప్పాడు.

"ఊరందరి ఇళ్ళకీ రంగులేశాను. నా చేతులతో నేను కట్టే మొదటి ఇల్లు ఇది. దానికి రంగొద్దంటారు."

నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. నవ్వు ఆపుకోలేకపోయాను. మా అత్తగారు నా మోచేతి మీద గిల్లారు.

మరునాడు ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్ళాం. దుకాణందారు చుట్టలు చుట్టలుగా వల దింపి, "ఇది స్టీలేనమ్మా, తుప్పు రమ్మన్నా రాదు" అన్నాడు. తళతళా మెరుస్తోంది. మా ఆయన తలూపేశాడు. నాకెందుకో అనుమానం. కిందపడిన గుండుసూదులు ఏరడానికి నేనొక అయస్కాంతం వాడతాను, అది ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. తీసి వలకు ఆనించాను. టక్కున కరుచుకుంది, లాగితే గాని రాలేదు. లోపల మామూలు ఇనుము, పైన పూత.

"అది వేరే చుట్టలెండి, కలిసిపోయినట్టుంది" అన్నాడు దుకాణందారు, అటూ ఇటూ చూస్తూ.

మా అత్తగారు నా చేతిలోంచి అయస్కాంతం తీసుకున్నారు. ఇక ఆ దుకాణంలో ఆవిడ ఆనించి చూడని చుట్ట లేదు. వల అయ్యాక బోల్టులు, బోల్టులయ్యాక నట్లు, ఆఖరికి తలుపు గడియ. దుకాణందారు తల ప్రాణం తోకకొచ్చింది. మేం బయటికి వస్తుంటే ఆయన కుర్రాళ్ళతో, ఈసారి ఈ పెద్దావిడ వస్తే నేను లేనని చెప్పండ్రా అనడం నా చెవిన పడింది. అయస్కాంతం మా అత్తగారు తిరిగి ఇవ్వలేదు. ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉంది.

ఒకరోజు సాయంత్రం మా ఆయన ఎక్కడో కూలగొడుతున్న పాత ఇంటి కిటికీ చట్రాలు భుజాన వేసుకొచ్చాడు. గట్టి చెక్క, అందమైన చెక్కడం. దాని మీద పొరలు పొరలుగా పాతరంగు, ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద గోధుమ.

"రంగొద్దన్నారు కదండీ" అన్నాను.

"నేను వెయ్యలేదుగా. ముందే ఉంది" అన్నాడు, అమాయకంగా.

మా అత్తగారు గోటితో ఒక మూల గీకారు. పెచ్చు లేచి ఆవిడ అరచేతిలో పడింది. ఆ అరచెయ్యి కొడుకు ముందు పెట్టారు. ఆయన దాన్ని చూసి నిట్టూర్చాడు. పాత రంగుల్లో సీసం ఉంటుందని మాకందరికంటే ఆయనకే బాగా తెలుసు. అలాంటి తలుపులు గీకేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకునే మనిషి ఆయన. చట్రాలు మళ్ళీ భుజానికెత్తుకుని, వచ్చిన దారినే వెళ్ళాడు.

ఇంతవరకు నేను గట్టునే ఉండి వినోదం చూశాను. ఆ తరువాత నా వంతు వచ్చింది. డాక్టరమ్మ ఒకసారి పెరడు చూడటానికి వచ్చింది. గోడవారగా నేను నాటిన గన్నేరు ఉంది. గులాబీరంగు పూలు. ఈ ఇంట్లో దిగిన మొదటి వారం నాటాను. మిషను దగ్గర కూర్చుంటే కిటికీలోంచి కనిపించే ఒకే ఒక్క అందమైన వస్తువు అది. డాక్టరమ్మ దాన్ని చూసి ఆగిపోయింది. ఆవిడ నోరు తెరిచే ముందే నాకు అర్థమైంది.

"దూరంగానే ఉంది కదండీ" అన్నాను.

"గాలికి ఒక ఆకు ఎగిరొచ్చి పడితే చాలమ్మా."

"పక్కకి వల ఇంకాస్త ఎత్తు పెడితేనో?"

మా అత్తగారు నా వైపే చూస్తున్నారు. పట్టుబట్టలేదు, తీసెయ్యమనలేదు. గదిలో పెట్టె మాత్రం మంచం దగ్గరే ఉంది. ఆ రోజంతా నేను ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, గిన్నెలు మాత్రం గట్టిగా మాట్లాడాయి. మరునాడు చేతులకు తొడుగులు వేసుకుని, గునపం తీసుకుని నేనే తవ్వేశాను. వేళ్ళతో సహా తీసి, రాలిన ఆకులు కూడా ఏరాను. కళ్ళనీళ్ళు వచ్చాయి. సాయంత్రం చూస్తే నా సూదులన్నిటికీ, తెల్లదారం ఒక వరస, నల్లదారం ఒక వరస, ఎక్కించి ఉన్నాయి.

*

ఇనుప పని చేసేది మా ఆయన స్నేహితుడు. అందరూ మెరుపు అని పిలుస్తారు. వెల్డింగు మెరుపుల వల్ల వచ్చిన పేరే గాని, పనిలో మెరుపు వేగం ఉందని కాదు. నేలంతా సిమెంటు పోశారు, ఎలుకలు తవ్వుకు రాకుండా దాని కింద కూడా వల పరిచారు. కప్పు సగం స్టీలు రేకు, సగం వల, నీడా కావాలి ఎండా కావాలి కాబట్టి. మా అత్తగారు పట్టుబట్టి రెండు తలుపులు పెట్టించారు. మొదటి తలుపు తీసి లోపలికి వచ్చి, అది వేశాక గాని రెండోది తియ్యకూడదు. అప్పుడు జడ్జిగారు కళ్ళుగప్పి ఎగిరిపోలేరు. లోపలి తలుపు ఇనుముకు ఇనుము కొట్టుకుని దడదడలాడకుండా కింద ఒక చెక్క దిమ్మ బిగించాడు మెరుపు. జామచెక్క. కూర్చోవడానికి కొమ్మలు కూడా జామవే, బెరడుతో సహా.

పని అయిపోయిందని మెరుపు చేతులు దులుపుకున్నప్పుడు నేను పట్టుగుడ్డ ముక్క తెచ్చాను. కుట్టుపనిలో ఇది మామూలే. గాజుబల్లయినా, చెక్కబల్లయినా పట్టు పరిచే ముందు పాత ముక్కతో ఒకసారి రాస్తాం. ఎక్కడ కంటికి కనిపించని ముల్లున్నా పోగు పట్టుకుంటుంది. ఆ ముక్కతో వల కలిసిన ప్రతి చోటా, పైనుంచి కిందికి, రాసుకుంటూ పోయాను.

"వదినా, ఇది పంజరం. దీనికి పెళ్ళిబట్టలు కుట్టడం లేదు" అన్నాడు మెరుపు.

"ఇదిగో, ఇక్కడ పట్టుకుంది. ఆకురాయి పెట్టు."

"అది చిలక, మా అత్త కాదు. అంత సున్నితం దేనికి?"

"మీ అత్తకయితే ఇంత కష్టపడేదాన్ని కాదు. ఇక్కడ కూడా పట్టుకుంది."

అతను సణుగుతూనే రాశాడు. పట్టుగుడ్డ ఎక్కడా ఆగకుండా జారేసరికి ఎండ గోడ ఎక్కింది. నేను గుడ్డ ముక్క ఉతకడానికి పంపు దగ్గరికి వెళ్ళాను. మెరుపు సామాను కట్టుకున్నాడు. మా ఆయన ఒక్కడే దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చుక్క రంగు లేదు ఎక్కడా. ఉత్త స్టీలు, ఉత్త సిమెంటు, ఉత్త చెక్క. ఆయన అలా నిలబడితే బడిలో పలక మరిచిపోయిన పిల్లాడిలా ఉన్నాడు. నేను పంపు కట్టేసి వచ్చేటప్పటికి లోపలికి వెళ్ళి, తలుపులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసి బయటికి వస్తున్నాడు.

"జడ్జిగారిని తెద్దామా అత్తయ్యా?" అని వంటింటి కిటికీ వైపు కేకేశాను.

ఆవిడ అక్కడ బీట్‌రూట్ తరుగుతున్నారు. కత్తీ, ముక్కా చేత్తో పట్టుకునే పెరట్లోకి వచ్చారు. "ముందు నేను చూడాలి. ఒక బకెట్టు సబ్బునీళ్ళు ఇవ్వు, కొత్త ఇల్లు కడక్కుండా ఎలా?" అన్నారు. ఇస్తే తీసుకుని లోపలికి వెళ్ళి రెండు తలుపులూ వేసుకున్నారు. మేమిద్దరం బయట, పరీక్షా ఫలితం కోసం నిలబడ్డవాళ్ళలా. ఆవిడ కొమ్మలు ఊపి చూశారు. నట్లు తిప్పి చూశారు. కింద చతికిలబడి మాకు వీపు పెట్టి చాలాసేపు ఏదో తోముతూ ఉండిపోయారు. ఏదో దొరికిందనుకున్నాను. ఆవిడ లేచి, బకెట్టుతో బయటికి వచ్చి, "తీసుకురండి" అన్నారు. అంతే. బాగుందనలేదు, ఉంటాననలేదు.

జడ్జిగారు కొత్త ఇంట్లో అడుగుపెట్టి మొదట కప్పు చూశారు, తరువాత మమ్మల్ని. ఆ పిమ్మట ఒక్కొక్క నట్టు దగ్గరికీ వెళ్ళి తిప్పడానికి ప్రయత్నించారు. ఒక్కటీ రాలేదు. అలిగి జామకొమ్మ బెరడు వలుచుకుంటూ కూర్చున్నారు. మా అత్తగారు చీకటి పడేదాకా బయట ముక్కాలి పీట మీద కూర్చుని, లోపలికి వచ్చి పడుకున్నారు. కూర బాగుందని కూడా అనలేదు. వెళ్ళేటట్టే ఉన్నారనుకుంటూ పడుకున్నాను, సరిగ్గా నిద్ర పట్టలేదు.

*

పొద్దున్నే గింజల గిన్నె పట్టుకుని నేనే వెళ్ళాను. మా ఆయన అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. మొదటి తలుపు వేసి రెండోది తియ్యబోతూ చూశాను. జడ్జిగారు నేల మీద ఉన్నారు, చెక్క దిమ్మ దగ్గర. ముక్కు ఎర్రగా ఉంది. చుట్టూ ఎర్రటి చెక్కపొట్టు. దిమ్మ మీద మిగిలిన ఎరుపు నాకు బాగా తెలిసిన ఎరుపు, నాకు బాగా తెలిసిన సైజు.

ఎంత కోపం వచ్చిందంటే మా ఆయన ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో. వల వదులుకుని, చట్రాలు వదులుకుని, నా గన్నేరు కూడా పోయాక, చివరికి చిటికెన వేలు ఊరుకోలేదు. ఆ చుక్క కోసం పక్షి పోతుంది, పక్షితో పాటు మనిషీ పోతుంది. కొంగులో చిలుకను చుట్టి ఇంట్లోకి పరిగెత్తాను. అది నా వేలు కొరికింది. అదీ తెలియలేదు.

"అత్తయ్యా, లేవండి. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. మీ అబ్బాయి రంగు పెట్టాడు. ఇది తినేసింది."

మా అత్తగారు వంటింట్లో టీ తాగుతున్నారు. గ్లాసు కింద పెట్టలేదు.

"ముందు దాన్ని బయటికి తీసుకుపో. నాకు పడదు కదా."

"విషం తిన్నదంటుంటే..."

"విషం కాదే. బీట్‌రూట్."

జడ్జిగారు కొంగులోంచి తల బయట పెట్టి, తల పక్కకు వంచారు.

దాన్ని మళ్ళీ దాని ఇంట్లో దింపి, రెండు తలుపులూ వేసి వచ్చాక ఆవిడ చెప్పారు. "నువ్వు పంపు దగ్గరున్నప్పుడు పెట్టాడు. వంటింటి కిటికీలోంచి అంతా కనిపిస్తుంది. అటూ ఇటూ చూసి, చిన్నప్పుడు బెల్లం దొంగిలించే వాడిలాగే వంగి పెట్టాడు. తడి ఆరకముందే వెళ్ళి తుడిచేశాను. చెక్క కదా, లోపలికి ఇంకి ఉంటుందని కత్తితో లోతుగా గీకాను. సబ్బుతో కడిగాను. గీకిన పొట్టు బకెట్టులో వేసుకుని వచ్చేశాను. తర్వాత చేతిలో ఉన్న ముక్కతో అక్కడే అద్దాను."

"ఎందుకద్దడం? తుడిచేస్తే సరిపోయేది కదా."

"పొద్దున్నే పోయి వెతుక్కుంటాడు. నీకు తెలీదా?" ఆవిడ గ్లాసు తిప్పుతూ అన్నారు. "వాడు ఇన్ని రోజులు రంగు ముట్టకుండా కట్టాడు. నా కోసమే కట్టాడు. ఆ ఒక్క చుక్క లేకపోతే అది వాడి ఇల్లులా ఉండదు."

"నన్నడిగితే చెవి మెలేసి చెప్పేదాన్ని."

"అందుకే నీకు చెప్పలేదు."

నా కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. చల్లారకుండానే ఒక విషయం తట్టింది. హాని చేసేది ఒక్కటి కనబడినా పెట్టె పట్టుకుంటానన్న మనిషి ఈవిడ. కనబడింది. అందరికంటే ముందు ఆవిడకే కనబడింది. మాట నిలబెట్టుకుని వెళ్ళిపోవడానికి అంతకంటే ఏం కావాలి? లేచి ఆవిడ గదిలోకి వెళ్ళాను. మంచం కాళ్ళ దగ్గర పెట్టె లేదు. బీరువా తెరిచి చూస్తే బట్టలన్నీ అరల్లో ఉన్నాయి, ఎప్పటిలాగే మడత మీద మడత. పెట్టె అటక మీద, పాత దుప్పట్ల వెనక.

"ఎప్పుడు సర్దారు?" అని గుమ్మంలోంచి అడిగాను.

"రాత్రి. మీరు పడుకున్నాక."

వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ నా వేలికి పసుపు అద్ది గుడ్డ కట్టారు, ఆ పని కూడా నాకు చేతకాదన్నట్టు తిట్టుకుంటూ. నాకు చాలా సంతోషంగా ఉంది. కళ్ళు తుడుచుకున్నాను. చిలుక గట్టిగా కొరికిందని చెప్పాను.

ఆ తరువాత చుక్క మా ఇద్దరి రహస్యమైంది. జడ్జిగారు దాన్ని వదలరు. కొరికినప్పుడల్లా ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకుని ఆవిడో, లేకపోతే నేనో మళ్ళీ అద్దేవాళ్ళం, మా ఆయన పని నుంచి వచ్చే లోపల. దిమ్మ పూర్తిగా అరిగిపోతే మెరుపు చేత కొత్తది బిగించుకున్నాం. మా ఇంట్లో బీట్‌రూట్ వాడకం బాగా పెరిగింది. మా ఆయన రోజూ సాయంత్రం పెరట్లోకి వెళ్ళి, తలుపు దగ్గర వంగి చూసి వచ్చేవాడు. అప్పుడప్పుడు భోజనం దగ్గర, "ఈ మధ్య రంగుల్లో నాణ్యం తగ్గిపోయింది. ఎంత మంచి ఎరుపు తెచ్చినా వెలిసిపోతోంది" అని వాపోయేవాడు. మా అత్తగారు గంభీరంగా, "రోజులు అలా ఉన్నాయిరా" అనేవారు. నేను నవ్వు రాకుండా మంచినీళ్ళు తాగేదాన్ని.

మొన్న ఒక పొద్దున్న మాత్రం నేను ముక్క పట్టుకుని వెళ్ళేసరికి చుక్క అప్పటికే తాజాగా ఉంది, తడి కూడా ఆరలేదు. అత్తగారు పెట్టారనుకున్నాను. లోపలికి వచ్చి అడిగితే, "నేనా? నువ్వు పెట్టావనుకున్నాను, ఇందాక ముక్క ఒకటి తక్కువగా ఉంటేనూ" అన్నారు. ఇద్దరం ఒకర్నొకరం చూసుకుని, ముందు గదిలోకి తొంగిచూశాం. మా ఆయన పనికి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. చిటికెన వేలు ఊదా ఎరుపుగా ఉంది. ఎనామిల్ ఎరుపు అలా ఉండదు. మొదటిరోజు కంగారులో పోల్చుకోలేదు గాని, ఇప్పుడు అది నాకే తెలుస్తున్నప్పుడు, జీవితమంతా ఎరుపులు కలిపిన మనిషిని మేం బీట్‌రూట్‌తో మోసం చేశామని ఇన్నాళ్ళూ ఎలా అనుకున్నామో. మొదటిరోజు సాయంత్రమే ఆయనకు తెలిసిపోయి ఉంటుంది.

ఆయన మమ్మల్ని చూసి వేలు జేబులో పెట్టుకున్నాడు. మేం చూడనట్టు అటు తిరిగాం.

అప్పుడే పెరట్లోంచి దగ్గు వినిపించింది, పొడిగా, లోతుగా, ఒకప్పటి మా అత్తగారి దగ్గే. అలవాటు కొద్దీ నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ హాయిగా ఊపిరి తీసుకుంటూ, సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు.

"నాకు తగ్గిపోయిందని దానికెవరైనా చెప్పండర్రా" అన్నారు.